రంగుకి ముందు బట్ట, జపానికి ముందు మనసు



ఈ వారం వీడియో చూసినవాళ్ళకి విషయం తెలుసు. అక్కడ పన్నెండు నిమిషాల్లో చెప్పినదాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న. పేరు, ఊరు చెప్పను.

"అన్నా, నలభై ఒక్క రోజులు శివ నామ జపం చేశాను. ఒక్క రోజు కూడా మిస్ అవ్వలేదు. మొదటి వారం బాగా అనిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. నోరు తిరుగుతోంది, మనసు ఎక్కడో ఉంటోంది. ఇది నాకు పని చేయదేమో. ఆపేసి వేరే మంత్రం మొదలుపెట్టనా?"

చివర్లో ఇంకో రెండు ముక్కలు రాశాడు. "ఇంట్లో కూడా పరిస్థితి బాలేదు. నాన్నతో ఎనిమిది నెలలుగా మాటల్లేవు, ఒకే ఇంట్లో ఉంటున్నాం."

మంత్రం మార్చాలా అని అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు నేను మంత్రశాస్త్రంలో కాకుండా, ఒక బట్టలో వెతుకుతాను. శ్రీకాళహస్తి కలంకారీ బట్టలో.

రంగు పట్టేది ఎందుకు?

కలంకారీ చీరలు, దుపట్టాలు మీలో చాలామంది దగ్గర ఉంటాయి. కలంతో చేసే పని కాబట్టి కలంకారీ. ఆ కలం మన పెన్నులాంటిది కాదు. వెదురు పుల్లని సన్నగా చెక్కి, దానికి కొస పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. అది రంగు పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కుతూ గీస్తే రంగు దిగుతుంది. రామాయణం, భారతం, శివలీలలు ఇలా పెద్ద పెద్ద బట్టల మీద గీసి గుళ్ళలో తెరలుగా కట్టేవాళ్ళు. చదువు రానివాళ్ళకి ఆ తెరే పురాణం.

నేను అక్కడికి వెళ్ళినప్పుడు బొమ్మలు వేయడం చూద్దామనుకున్నాను. ఎక్కువసేపు చూసింది మాత్రం బట్టని తయారు చేయడం. మగ్గం మీంచి వచ్చిన నూలు బట్ట కంటికి శుభ్రంగానే ఉంటుంది. కానీ దాంట్లో గంజి ఉంటుంది, జిడ్డు ఉంటుంది. ముందు అది పోయేదాకా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి, పచ్చి గేదె పాలు కలిపి అందులో బట్టని నానబెట్టి, ప్రతి పోగుకీ సమానంగా పట్టేలా పిసుకుతారు. గట్టిగా పిండి ఎండలో ఆరేస్తారు. ఆరాక అది తెల్లగా ఉండదు, లేత పసుపు రంగులోకి వస్తుంది. దగ్గరికెళ్తే పాల వాసన కొడుతుంది. ఇంత చేసినా అప్పటికి ఆ బట్ట మీద ఒక్క గీత కూడా ఉండదు.

"ఈ పాలూ కరక్కాయా లేకుండా గీస్తే ఏమవుతుంది?" అని అక్కడి చిత్రకారుణ్ణి అడిగాను. ఆయన మాటల్లో చెప్పలేదు. పక్కన పడున్న మామూలు గుడ్డ ముక్క ఒకటి తీసి, కలాన్ని కసిమిలో ముంచి ఒక గీత గీశారు. కసిమి అంటే నల్ల గీతలకి వాడే ద్రవం. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వస్తుంది. ఆ గీత గుడ్డ మీద అటూ ఇటూ పాకి, తుప్పు మరకలా గోధుమ రంగులో ఉండిపోయింది. తర్వాత అదే కలంతో, అదే కసిమితో, తయారైన బట్ట మీద గీశారు. గీత గీసిన చోటే నిలబడింది. చూస్తుండగానే నల్లబడింది.

ఇందులో మాయ ఏమీ లేదు. కరక్కాయలో ఉన్న వగరు పదార్థాన్ని సైన్సులో టానిన్ అంటారు. కసిమిలో ఉన్న ఇనుముతో ఆ టానిన్ కలిస్తే నలుపు పుడుతుంది. పాలలో ఉన్న కొవ్వు ఆ రంగుని పక్కకి పాకనివ్వదు. అంటే ఆ నలుపు కసిమి కుండలో పూర్తిగా తయారై లేదు. సగం కుండలో ఉంది, సగం బట్టలో ఉంది. రెండూ కలిసిన చోట నలుపు పుట్టింది.

తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది. మంత్రానికి శక్తి ఉందా లేదా అని మనం అడుగుతాం. అది పడే బట్ట ఎలా ఉందో చూసుకోం.

ఉతకడం, పాలు, కరక్కాయ

మన వేదాంతంలో మనసుకి మూడు దోషాలు చెప్తారు: మలం, విక్షేపం, ఆవరణం. మలం అంటే రాగద్వేషాల మురికి. విక్షేపం అంటే నిలకడ లేకపోవడం, చెదిరిపోవడం. ఆవరణం అంటే సత్యాన్ని కప్పేసే అజ్ఞానం. ఫలం మీద ఆశ లేకుండా చేసే కర్మతో మలం పోతుంది, ఉపాసనతో విక్షేపం పోతుంది, జ్ఞానంతో ఆవరణం తొలగుతుంది అని క్రమం చెప్పారు. మూడోది పెద్ద విషయం, ఇంకో రోజు మాట్లాడుకుందాం. మొదటి రెండూ మాత్రం ఈ బట్టలో కనిపిస్తాయి. ఇది నేను చేసుకున్న పోలిక, శాస్త్ర వాక్యం కాదు. అర్థం చేసుకోవడానికి పనికొస్తే తీసుకోండి.

ఉతకడం మలం కోసం. కొత్త బట్టలో గంజి ఎలా కనబడదో, మనలో ద్వేషం కూడా అలాగే కనబడదు. "నాకు ఎవరి మీదా కోపం లేదండీ" అంటూనే ఒక పేరు వినగానే మొహం మాడ్చుకుంటాం. ఆఫీసులో ప్రమోషన్ కొట్టేసినవాడు, పెళ్ళికి పిలవని బంధువు, బ్లాక్ చేసిన నంబరు. బట్ట పైకి తెల్లగానే ఉంటుంది. రంగు వేసినప్పుడు తెలుస్తుంది.

పాలు విక్షేపం కోసం. గీత పక్కకి పాకిపోవడమంటే అచ్చంగా మనకి జరిగేదే. మాల తిప్పుతూ మూడో పూస దగ్గర ఉండగా ఫోన్ మోగుతుంది. చూడం, కానీ ఎవరై ఉంటారని ఆలోచిస్తాం. అక్కణ్ణించి నిన్నటి మెసేజ్, దాన్నించి రేపటి మీటింగ్. నూట ఎనిమిది అయ్యేసరికి గీత బట్టంతా పాకిపోయింది. నామం మీద పడాల్సిన మనసు నాలుగు దిక్కులా మరకై మిగిలింది.

మరి కరక్కాయ? దాన్ని నేను నియమంతో పోలుస్తాను. కరక్కాయ ముక్క ఎప్పుడైనా బుగ్గన పెట్టుకున్నారా? నోరంతా వగరు. నియమం కూడా అంతే. రోజూ ఒకే టైముకి లేవడం, ఒకే చోట కూర్చోవడం, మూడ్ లేని రోజు కూడా చేయడం. మొదట్లో ఇందులో ఏ రుచీ ఉండదు. "ఫీల్ రావట్లేదు" అని చాలామంది వదిలేసేది ఈ వగరు దగ్గరే. కానీ రేపు నలుపు పుట్టించేది ఆ వగరే. కరక్కాయ వేయకపోతే ఎంత మంచి కసిమి పోసినా తుప్పు మరకే.

విద్యారణ్యులు చూపించిన బట్ట

బట్టతో పోల్చి వేదాంతం చెప్పడం మన సంప్రదాయంలో కొత్తేమీ కాదు. పద్నాలుగో శతాబ్దంలో శృంగేరి పీఠాధిపతిగా ఉన్న విద్యారణ్య స్వామి 'పంచదశి' అనే గ్రంథం రాశారు. పదిహేను ప్రకరణాలు కాబట్టి పంచదశి. అందులో ఆరోదాని పేరే చిత్రదీపం. అది మొదలవడమే చిత్రం వేసే బట్టకి ఉండే నాలుగు దశలతో మొదలవుతుంది. ధౌతం అంటే ఉతికి శుభ్రంగా ఉన్నది. ఘట్టితం అంటే గంజి పెట్టి గట్టిపరిచినది. లాంఛితం అంటే గీతలు గీసినది. రంజితం అంటే రంగులు నింపినది.

ఆయన ఈ పోలిక చెప్పింది మన జపం గురించి కాదు, పరమాత్మ గురించి. శుద్ధ చైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్ అనే నాలుగింటినీ ఈ నాలుగు దశలతో పోల్చారు. బట్ట మీద రాజు ఉంటాడు, బంటు ఉంటాడు, కొండా చెట్టూ ఉంటాయి. వాటన్నిటికీ ఆధారం ఒకే బట్ట. జగత్తంతా అలా చైతన్యం మీద వేసిన చిత్రం అని ఆయన చెప్పదలుచుకున్నది.

అయితే ఆ నాలుగు దశల్ని ఇంకోసారి లెక్కపెట్టండి. మొదటి రెండిట్లోనూ బొమ్మ లేదు, గీత లేదు, రంగు లేదు. నాలుగిట్లో రెండు, అంటే సగం పని, ఎవరికీ కనపడని పనే. మనం మాత్రం నాలుగో దశ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవాలని కూర్చుంటాం.

పూజలోనే ఉంది

"అన్నా, ఇదంతా చేయాలంటే మళ్ళీ వేరే కోర్సా?" అనుకోవద్దు. పెద్దవాళ్ళు దీన్ని పూజలోనే పెట్టారు. దేవుడికి ఒక్క పువ్వు వేసే ముందు ఎన్ని ఉన్నాయో చూడండి. దీపం వెలిగించడం, ఆచమనం, ప్రాణాయామం, సంకల్పం, కలశారాధన, గణపతి పూజ. అసలు పూజ ఆ తర్వాతే.

ఆచమనంలో మూడుసార్లు తీసుకునే నీళ్ళు దాహానికి కాదు. లోపల కడగడానికి గుర్తు. ప్రాణాయామం చెదిరిన ఊపిరిని ఒక దారిలో పెడుతుంది. సంకల్పంలో మనం ఏ ఖండంలో, ఏ నది దగ్గర, ఏ సంవత్సరంలో, ఏ తిథినాడు, ఏ గోత్రంలో పుట్టి, ఏ పేరుతో ఇక్కడ కూర్చున్నామో చెప్పుకుంటాం. పాకిపోతున్న మనసుని పట్టుకొచ్చి "నువ్వు ఇక్కడ, ఇప్పుడు ఉన్నావు" అని కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఏముంటుంది?

మనం ఏం చేస్తున్నాం? యూట్యూబ్‌లో పూజ వీడియో పెట్టుకుని ఆ భాగమంతా ఫార్వర్డ్ కొట్టేస్తున్నాం. ఉతకని బట్ట మీద తిన్నగా రంగు పోస్తున్నాం. పతంజలి యోగసూత్రాల్లో కూడా ఎనిమిది అంగాల్లో మొదటివి యమ నియమాలే. ఆసనం మూడోది. అహింస, సత్యం, శౌచం, సంతోషం దాటాకే యోగా మ్యాట్ పరచాలి. ఆ వరుస ఊరికే పెట్టలేదు.

మరి కన్నప్ప సంగతి?

ఇక్కడ తెలివైనవాళ్ళు నన్ను పట్టుకుంటారు. శ్రీకాళహస్తి అన్నావు కదా, ఆ ఊరి భక్తుడే కన్నప్ప కదా, ఆయన ఏం ఉతికాడు అని. మంచి ప్రశ్న.

ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడుగా కనిపించే ఆ వేటగాడు నోటితో నీళ్ళు తెచ్చి అభిషేకం చేశాడు. మాంసం రుచి చూసి మరీ పెట్టాడు. రోజూ మడితో పూజ చేసే శివగోచారి అది చూసి విలవిల్లాడిపోయాడు. చివరికి శివలింగం కంటి నుంచి రక్తం కారితే తన కన్ను పీకి పెట్టినవాడు తిన్నడు. రెండో కంటికీ రక్తం వస్తే, తనకి చూపు పోయాక చోటు తెలియదని కాలితో గుర్తు పెట్టుకుని రెండో కన్నుకీ సిద్ధపడ్డాడు. శివుడు ఆపాడు.

అందుకని శుద్ధి అక్కర్లేదని కాదు. శుద్ధి అంటే మనం అనుకుంటున్నది కాదని. తిన్నడి చేతులకి మురికి ఉంది. మనసులో "నాకేంటి" అనే జిడ్డు లేదు. "ఎవరు చూస్తున్నారు" అనే గంజి లేదు. రక్తం చూడగానే వేరే ఆలోచన ఏదీ రాలేదు, గీత ఎటూ పాకలేదు. అలాంటి బట్ట కొందరికి పుట్టుకతోనే దొరుకుతుంది. మనది మగ్గం మీంచి గంజితో వచ్చిన బట్ట. మనం ఉతుక్కోవాలి. కన్నప్ప పేరు చెప్పి స్నానం ఎగ్గొట్టేవాళ్ళని చూశాను కానీ, కన్నప్ప పేరు చెప్పి కన్ను ఇచ్చినవాళ్ళని నేను చూడలేదు.

ఉతుకుతూ కూర్చోవద్దు

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే కొంతమంది "అయితే మనసు పూర్తిగా శుభ్రమయ్యాకే జపం మొదలుపెడతాను" అంటారు. అది వినయంలా కనిపించే వాయిదా.

కలంకారీలో ఉతకడం ఒక్కసారితో అయిపోదు. గీతలు గీశాక, పటిక పెట్టాక, ఎరుపు ఉడికించాక, రంగు మారిన ప్రతిసారీ బట్ట మళ్ళీ నీళ్ళలోకి వెళ్తుంది. అందుకే ఆ పనికి పారే నీళ్ళు కావాలి. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి నది ఉంది. రంగు, ఉతుకు, రంగు, ఉతుకు. పట్టినది మిగులుతుంది, పట్టనిది నీళ్ళలో పోతుంది.

మన తెలంగాణ చేర్యాల బొమ్మల పటాలకీ ఇలాంటి ఓపికే కావాలి. ఖాదీ బట్టకి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూస్తారు. ఆరాక ఇంకో పూత, అదీ ఆరాక ఇంకోటి. పచ్చి పూత మీద పూత వేస్తే పెచ్చులు లేస్తాయి. ఆగాల్సిన చోట ఆగాలి, కానీ ఆరిందని తెలిశాక ఆగకూడదు. సాధనలోనూ కొంచెం శుద్ధి, కొంచెం జపం, మళ్ళీ కొంచెం శుద్ధి. ఆ జపమే తర్వాతి ఉతుకు. గీత ఐదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పేదీ ఇదే. యోగులు సంగం వదిలి కర్మ చేస్తారు, ఎందుకంటే ఆ చేయడమే వాళ్ళ చిత్తాన్ని శుద్ధి చేస్తుంది.

తమ్ముడికి

ఇప్పుడు నీ ప్రశ్న. మంత్రం మార్చకు. నలభై ఒక్క రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా చేశావంటే కరక్కాయ నీ బట్టకి బాగానే పట్టింది. ఆ వగరు ఓర్చుకున్నావు, చిన్న విషయం కాదు. మొదటి వారం వచ్చిన ఫీలింగ్ కొత్త రంగు మెరుపు. అది పోతుంది, పోవాలి కూడా.

నువ్వు చివర్లో రాసిన ముక్క మాత్రం నాకు మొత్తం మెసేజ్‌లో ముఖ్యమైనదిగా కనిపించింది. అపార్ట్‌మెంట్లలో చూస్తుంటాం, పండక్కి గోడకి పుట్టీ పెట్టి, ప్రైమర్ వేసి, మంచి రంగు వేయిస్తారు. మూడు నెలల్లో ఒక మూల పొక్కులు లేస్తాయి. మళ్ళీ గీకించి మళ్ళీ వేయిస్తారు. మళ్ళీ లేస్తాయి. తప్పు రంగుది కాదు. గోడ వెనకాల పైపు కారుతోంది. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడనంతవరకు కంపెనీ మార్చినా, రంగు మార్చినా అంతే.

ఒకే ఇంట్లో ఎనిమిది నెలల మౌనం అలాంటి చెమ్మ. పొద్దున్న జపం చేస్తావు. లేచి బయటికొస్తే హాల్లో నాన్న పేపర్ చదువుతుంటారు, ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు తప్పుకుంటారు. ఆ క్షణంలో పొద్దున వేసిన రంగంతా పొక్కిపోతుంది. నీకు తెలియదు, "ఏమీ ఫీల్ అవ్వట్లేదు" అని మాత్రం తెలుస్తుంది.

తప్పు ఎవరిదో నాకు తెలియదు, నేను అడగను. నాన్నదే కావచ్చు. ఉతకడమంటే ఆయన కరెక్ట్ అని ఒప్పుకోవడం కాదు. ఆయన కాళ్ళ మీద పడి సినిమా సీన్ చేయమనీ కాదు. ఇది చదివే కొందరి ఇళ్ళల్లో పరిస్థితి ఇంకా కష్టంగా ఉండొచ్చు. చేయి చేసుకునేవాళ్ళు, భయపెట్టేవాళ్ళు ఉంటే దూరంగా ఉండటమే సరైనది. అక్కడ చేయాల్సిన శుద్ధి మన లోపల మాత్రమే, వాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళక్కర్లేదు. కానీ నీది మాటలు ఆగిపోయిన ఇల్లు అయితే, ఒక్క మాట చాలు. "నాన్నా, టీ తాగుతారా?" అంతే. ఆయన తలెత్తకపోవచ్చు. పర్లేదు. ఆ మాట ఆయన్ని మార్చడానికి కాదు, నీ బట్టలో గంజి వదలడానికి. రేపు మళ్ళీ అడుగు. దీన్ని కూడా జపంలో భాగంగా లెక్కేసుకో. నూట తొమ్మిదో పూస అనుకో.

ఈ వారం మనందరం చేసేది

పెద్దగా ఏమీ లేదు, నాలుగే పనులు.

1. జపానికో, పూజకో కూర్చునే ముందు ఐదు నిమిషాలు ఫోన్ వేరే గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకోవడం కాదు, వేరే గదిలో.

2. ఆచమనం, సంకల్పం ఫార్వర్డ్ కొట్టకండి. సంస్కృతం రాకపోతే తెలుగులోనే, మీ పేరు, ఊరు, ఇవాళ్టి తిథి, ఎందుకు కూర్చున్నారో నెమ్మదిగా చెప్పుకోండి.

3. కూర్చున్నాక ఒక్క పేరు గుర్తు తెచ్చుకోండి. ఎవరి పేరు తలిస్తే మీ మొహం మాడిపోతుందో ఆ పేరు. వాళ్ళకి మంచి జరగాలని అనుకోగలిగితే అనుకోండి. అనలేకపోతే "స్వామీ, ఇది నావల్ల కావట్లేదు, నువ్వు చూడు" అని ఆయనకే అప్పజెప్పండి. అబద్ధపు క్షమాపణ కన్నా అది నయం.

4. జపం సంఖ్య పెంచకండి. రోజూ చేసేదే చేయండి, అదే టైముకి.

రేపు పొద్దున మీ వీధిలోనో, మీ అమ్మమ్మగారి ఊళ్ళోనో ఎవరైనా ముగ్గు వేస్తుంటే కాస్త ఆగి చూడండి. ముందు ఊడుస్తారు, తర్వాత కళ్ళాపి చల్లుతారు. నేల తడిగా ఉండగానే ముగ్గు పిండి జారుస్తారు, అప్పుడే పట్టుకుంటుంది. ఎవరూ ఆవిడకి వేదాంతం చెప్పలేదు. కానీ చీపురు పట్టకుండా ముగ్గు గిన్నె పట్టుకోదు.

వచ్చే వారం ఆవరణం గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలు పంపండి, చదువుతాను.

ఓం నమః శివాయ.